ధర అడిగాను, పని అడగలేదు

బేరం ఆడటంలో నన్ను మించినవాళ్లు లేరని మా అపార్ట్‌మెంట్‌లో నాకో పేరుంది. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి సోఫా సెట్ దాకా ఎవరు ఏం కొనాలన్నా నన్ను వెంట తీసుకెళ్తారు. షాపువాడు చెప్పిన ధరకు కొనడం అంటే ఓడిపోవడమే అని మా అమ్మ నేర్పింది. ఆ పాఠాన్ని యాభై ఏళ్లు వచ్చేదాకా భక్తిగా పాటించాను. పోయినేడాది పోచంపల్లిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు మాత్రం మొదటిసారి ఆ పాఠం నాకు బెడిసికొట్టింది.

ఒక ఆదివారం పొద్దున్నే నేనూ, మా వదినా హయత్‌నగర్ దాటి, హైవే మళ్లి పోచంపల్లి వెళ్లాం. హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం. రోడ్డు పక్క షోరూముల్లో కాకుండా నేరుగా నేసేవాళ్ల దగ్గరే కొంటే చవగ్గా వస్తుందని వదిన ఆశ. తెలిసినవాళ్లు చెప్పిన గుర్తులు పట్టుకుని ఒక ఇంటికి చేరాం. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద సగం నేసిన చీర. ఇంటాయన మగ్గంలోంచి లేచి, బీరువాలోంచి ఒక పట్టుచీర తీసి చాప మీద పరిచాడు. నెమలిపింఛం రంగు, ఎర్ర అంచు. చూడగానే నచ్చింది. నచ్చినట్టు కనపడకూడదు కదా, అందుకని ముఖం ముడుచుకుని "ఎంత?" అన్నాను.

"పదహారు వేలమ్మా."

"పన్నెండు."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను లేచాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. మీకూ తెలిసిన నాటకమే. చివరికి పదమూడున్నర వేలకు తెగింది. వదిన నా వైపు గర్వంగా చూసింది. ఫోన్‌లో డబ్బులు కొట్టేశాను.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

లోపలి గదిలో చెయ్యి

మంచినీళ్లు అడిగితే ఇంటావిడ లోపలికి పిలిచింది. అక్కడ గోడవార అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన ఒక చట్రం ఉంది. దాన్ని ఆసు అంటారట. పేక దారాన్ని మధ్య మేకు నుంచి ఆ వంపులో ఉన్న మేకు మీదికి, అక్కడ్నుంచి మళ్లీ మధ్యకి, ఇలా ఒక్కొక్క పోగే చేత్తో తిప్పుతూ పోవాలి. అలా పోసిన దారం మీద గీతలు పెట్టి డిజైన్ గుర్తు వేసుకుంటారు. రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. అద్దకం అయ్యాక కట్లు విప్పి, ఇంకో రంగు కోసం మళ్లీ కడతారు. అంటే చీర మీద మనం చూసే నెమలి, ఏనుగు, డైమండు అన్నీ బట్ట నేయకముందే దారంలో ఉంటాయి. మగ్గం మీద ఒక్క పోగు అటూ ఇటూ జరిగినా ఏనుగు కాలు విరిగిపోతుంది.

"ఆసు ఎవరు పోస్తారు?" అన్నాను.

"నేనే. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర నేర్సుకున్న," అని కుడి భుజం మీద చెయ్యేసుకుంది. అలవాటుగా పడ్డ చెయ్యి అది. నొప్పి ఉన్నచోటికి దానంతటదే వెళ్తుంది.

ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఈ లెక్క బయటి ప్రపంచానికి తెలిసింది చింతకింది మల్లేశం గారి వల్ల. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చేనేత కుటుంబం వారిది. భుజాల నొప్పితో అమ్మ పడే బాధ చూడలేక ఆసు పోసే యంత్రం చేయాలని పట్టుపట్టారు. పెద్ద చదువులు లేవు, చేతిలో డబ్బు లేదు. ఏళ్ల తరబడి కష్టపడి 1999లో యంత్రాన్ని తిప్పి చూపించారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. గంటల పని గంటన్నరకు దిగింది. అయినా ఆ యంత్రం అందని ఇళ్లు ఇంకా ఉన్నాయి. నేను నిలబడ్డది అలాంటి ఇంట్లోనే.

నీళ్ల గ్లాసు తిరిగిస్తూ ఊరికే అడిగినట్టు అడిగాను, "మరి ఈ పనికి విడిగా ఏమైనా కూలి వస్తుందా?" అని.

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"మేడం, మీరు ధర అడిగిన్రు గని, పని అడగలే."

నేను కోసింది ఎక్కడ?

అప్పుడు అడిగాను. ఆవిడ చాప మీద కూర్చుని వేళ్ల మీద లెక్క చెప్పింది. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచాను.

మామూలుగా వాళ్లు మాస్టర్ వీవర్‌కు కూలికి నేస్తారు. పట్టు, రంగు ఆయనే ఇస్తాడు. ఆ ఇంట్లో ఒక పడుగు మీద ఏడు చీరలు దిగుతాయి. చిటికి కట్టడం నుంచి చివరి చీర కోసేదాకా నెలన్నర. ఇంటాయన రోజుకు 8 గంటలు, ఆవిడ 7 గంటలు, కండెలు చుట్టే అత్తగారు 3 గంటలు. మొత్తం రోజుకు 18. నలభై ఐదు రోజులకు 810 గంటలు. చేతికొచ్చే మజూరీ 30,000 రూపాయలు. భాగించి చూశాను. గంటకు 37 రూపాయలు. అందులో రంగు సరిగ్గా పట్టకపోతే కోత. వానలకు గుంటలో చెమ్మ చేరి మగ్గం ఆగితే ఆ రోజులు లెక్కలోకే రావు.

నేను కొన్న చీర అలా కూలికి నేసింది కాదు. ఎలాగో డబ్బు కూడబెట్టి, తమ సొంత పట్టుతో నేసుకున్నది. "దీనికి పట్టు, జరీ, రంగులు అన్నీ కలిపి ఆరున్నర వేలు అయినయి," అంది ఆవిడ. పదహారు వేలలో అది తీసేస్తే 9,500. చీరకు ముగ్గురి గంటలూ కలిపి దాదాపు 116. అంటే గంటకు 82 రూపాయలు వచ్చేవి. నా బేరం తర్వాత మిగిలింది 7,000. గంటకు 60.

నేను ధరలో 16 శాతం తగ్గించాననుకున్నాను. కానీ పట్టు కొట్టువాడు వాళ్లకు ఒక్క రూపాయి తగ్గించడు కదా. జరీవాడూ తగ్గించడు, రంగులవాడూ తగ్గించడు. నేను తగ్గించిన 2,500 మొత్తం ఆ ముగ్గురి చేతుల్లోంచే పోయింది. వాళ్ల కష్టంలో నాలుగో వంతు కంటే ఎక్కువే నేను గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో కోసేశాను. ఇన్నేళ్లుగా బేరాలాడుతున్నానే, ఈ చిన్న లెక్క ఒక్కసారైనా వేసుకోలేదు.

సిగ్గేసింది. ఫోన్ తీసి "మిగతా డబ్బులు కూడా పంపిస్తానమ్మా" అన్నాను.

"వద్దు మేడం. బేరం అయిపోయింది గద. గిప్పుడు ఇస్తే అది దానమైతది. మల్లొచ్చినప్పుడు పని జూసి ధర కట్టుండ్రి, గంతే."

ఆ ఊరి పూర్తి పేరు భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. ఊరి పేరులోనే దానం ఉంది. ఆ ఊళ్లోనే నాకు దానానికీ కూలికీ తేడా తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఫోన్

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇరవై ఐదేళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. మందుల కరపత్రాలు, బ్యాంకు ఫారాలు, స్వచ్ఛంద సంస్థల నివేదికలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. కారెక్కి పది కిలోమీటర్లు వచ్చామో లేదో ఫోన్ మోగింది. నాకు ఏళ్లుగా పని ఇచ్చే ఒక ఆఫీసు.

"మేడం, నలభై పేజీలు ఉన్నాయి. బుధవారానికి కావాలి. చిన్న పనే. మీకు అలవాటే కదా, చకచకా అయిపోతుంది. రేటు మాత్రం ఈసారి కొంచెం తగ్గించాలి. ఇప్పుడు కంప్యూటర్‌లో పెడితే అదే తెలుగు చేసేస్తోంది కదా, మీరు ఊరికే ఒకసారి చూస్తే చాలు."

మామూలు రోజైతే నవ్వి సరేననేదాన్ని. ఆ రోజు ఆ మాటలు చెవిలో వేరేగా పడ్డాయి. "మీకు అలవాటే కదా" అన్నది చూడండి. ఇరవై ఐదేళ్లు పడ్డ కష్టం వల్ల నాకు పని త్వరగా అవుతుంది. ఆ త్వరనే సాకుగా చూపించి నా ధర తగ్గించమంటున్నారు. అంటే పని రానప్పుడు ఎక్కువ ఇవ్వాలి, వచ్చాక తక్కువ ఇవ్వాలా?

"ఊరికే ఒకసారి చూడటం" అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకసారి ఒక మందు కరపత్రం దిద్దడానికి వచ్చింది. రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిన మాత్రను, అందులో రెండు రోజులకోసారి అని రాసి ఉంది. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అచ్చుతప్పు లేదు. చదవడానికి హాయిగా ఉంది. మూలం పక్కన పెట్టుకుని, మాటమాటా పోల్చి చూసే అలవాటు ఉన్నవాళ్లకే ఆ తప్పు దొరుకుతుంది. అది దిద్దడానికి నాకు పట్టింది అర నిమిషం. ఆ అర నిమిషానికి ధర ఎంత? గడియారం చూసి కడితే అర్ధ రూపాయి కూడా రాదు. ఆ మాత్ర వేసుకునే పెద్దాయన వైపు నుంచి చూసి కట్టండి.

నాకు డిస్కౌంటు అడిగినప్పుడు కూడా జరిగేది ఆ చీర కథే. కరెంటు బిల్లు తగ్గదు, ఇంటర్నెట్ బిల్లు తగ్గదు. తగ్గేది నా నిద్ర.

లండన్ కోర్టులో ఒక ప్రశ్న

ఇది ఈనాటి గొడవ కాదు. 1878లో లండన్ కోర్టులో ఇదే ప్రశ్న వచ్చింది. విస్లర్ అని ఒక చిత్రకారుడు రాత్రి ఆకాశంలో బాణసంచా వెలుగులను బొమ్మ గీసి 200 గినీల ధర పెట్టాడు. రస్కిన్ అనే పెద్ద విమర్శకుడు, జనం ముఖాన రంగు డబ్బా విసిరి ఇంత డబ్బు అడుగుతాడా అని పత్రికలో ఎద్దేవా చేశాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. రెండు రోజుల పనికి 200 గినీలా అని ప్రతివాది లాయరు నిలదీశాడు. కాదు, జీవితమంతా కష్టపడి సంపాదించిన జ్ఞానానికి అని విస్లర్ జవాబిచ్చాడు.

ఈ కథ చాలామంది ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొడతారు. తర్వాత జరిగింది కూడా తెలియాలి. కేసు విస్లరే గెలిచాడు. కోర్టు ఇప్పించిన నష్టపరిహారం మాత్రం ఒక్క ఫార్దింగ్. అంటే పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులు కూడా నెత్తిన పడి మరుసటి ఏడాదే దివాలా తీశాడు. నీ మాట నిజమే అన్నారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు.

మనం చేసేదీ అదే కదా. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం చేస్తున్నాం. శాలువాలు కప్పుతున్నాం, సెల్ఫీలు దిగుతున్నాం. అన్నీ మంచివే. కానీ 2019-20 అఖిల భారత చేనేత గణన తీసి చూస్తే, దేశంలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే ఉంది. ఈ రంగంలో ఉన్న 35 లక్షల మందిలో పదింట ఏడుగురు ఆడవాళ్లు. లోపలి గదిలో ఆసు పోసే చేతులు, కండెలు చుట్టే చేతులు చాలావరకు వాళ్లవే. పొగడ్తకు లోటు లేదు. కూలి దగ్గరే మన చెయ్యి వణుకుతోంది.

"అందరికీ అంత స్తోమత ఎక్కడిది?"

మా వదిన నిలదీసింది. "నువ్వు చెప్పింది బాగానే ఉంది గానీ, మధ్యతరగతి వాళ్లం. అడిగినంతా ఇచ్చేస్తే ఇల్లెలా గడుస్తుంది? అయినా వాళ్లు చెప్పేదంతా నిజమేనని ఏముంది?"

న్యాయమైన ప్రశ్నే. అడిగినంతా కళ్లు మూసుకుని ఇవ్వమని నేను అనడం లేదు. ఆ రోజు నుంచి నేను పాటిస్తున్న మూడు పద్ధతులు చెప్తాను. నచ్చితే మీరూ చూడండి.

మొదటిది, ధర కంటే ముందు పని అడుగుతున్నాను. "ఎన్ని రోజులు పట్టింది? ఎంతమంది చేశారు? సరుకుకు ఎంతైంది?" అని. నిజంగా చేసినవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెప్తారు. వాళ్లను ఎవరూ అడగరు మరి. మోసం చేసేవాళ్లు నీళ్లు నములుతారు. ఇక్కత్ విషయంలో ఇంకో చిన్న పరీక్ష ఉంది. చీర తిప్పి వెనకవైపు చూడండి. దారానికే రంగు వేసి నేసింది కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. పోచంపల్లి పేరు చెప్పి అమ్మే ప్రింటు చీర అయితే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. బేరం ఆడాల్సింది, నిలదీయాల్సింది అలాంటి చోట.

రెండోది, డబ్బు తక్కువుంటే పని తగ్గించమంటున్నాను, కూలి తగ్గించమనడం లేదు. పట్టుకు బదులు నూలు తీసుకుంటాను. ఒళ్లంతా డిజైన్ బదులు అంచు వరకే చాలంటాను. బ్లౌజు కుట్టే అమ్మాయి దగ్గరా అంతే. మగ్గం వర్క్ భుజాల మీద తీసేసి మెడ చుట్టూ ఉంచమంటాను గానీ, అంతా చేయించుకుని సగం ఇస్తాననను.

మూడోది, గడియారం చూసి డబ్బు కట్టడం మానేశాను. మొన్న మా వాషింగ్ మెషిన్ ఆగిపోతే మెకానిక్ అబ్బాయి వచ్చి పది నిమిషాల్లో బాగు చేశాడు. 600 అడిగాడు. "పది నిమిషాలకు ఆరు వందలా?" అని మావారు గొణిగారు. అంతకుముందు ఒకాయన వచ్చి, బోర్డు మొత్తం మార్చాలి, ఐదు వేలవుతుందని చెప్పి వెళ్లాడు. ఈ అబ్బాయి మూత వినికిడి చూసి, ఒక వైరు ఊడిందని కనిపెట్టాడు. ఆ పది నిమిషాల వెనక ఎన్ని మెషిన్లు విప్పిన అనుభవం ఉందో! బండి పెట్రోలు, పని దొరకని రోజులు, కొనుక్కున్న పనిముట్లు కూడా ఆ ఆరు వందల్లోనే ఉన్నాయి. రెండు గంటలు కూర్చుని తంటాలు పడి ఉంటే మావారు ఆ డబ్బే సంతోషంగా ఇచ్చేవారు. అబ్బాయి చేసిన తప్పల్లా పని బాగా రావడమే.

రెండు ధరలు

ఆ ఆఫీసుకు మర్నాడు ఒక చిన్న ఉత్తరం రాశాను. పేజీకి ఇంత అని కాకుండా పని విడదీసి చూపించాను. చదవడానికి ఇన్ని గంటలు, అనువాదానికి ఇన్ని, మూలంతో పోల్చి దిద్దడానికి ఇన్ని, తొందర పనికి ఇంత అదనం అని. రాస్తుంటే చేతులు వణికాయి. ఇతరుల కూలి దగ్గర అంత నోరున్న నాకు, నా కూలి అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆ రెండూ ఒకే జబ్బని అప్పుడే అర్థమైంది.

వాళ్లు ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారు. అబద్ధం ఎందుకు, బాధేసింది. ఆ నెల ఇబ్బంది కూడా పడ్డాం. ఇంకో చోట మాత్రం అదే లెక్క పంపితే, "ఇలా వివరంగా ఎవరూ ఇవ్వలేదండీ" అని ఒప్పుకున్నారు. ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. ఈ దారిలో నడిస్తే అన్నీ లాభాలే అని నేను మీకు చెప్పలేను.

ఈ మాఘంలో మా అమ్మాయి పెళ్లి. రెండు నెలల క్రితం మళ్లీ పోచంపల్లి వెళ్లాను, అదే ఇంటికి. ఈసారి బీరువాలో చీర అడగలేదు. ఎలాంటిది కావాలో చెప్పి, "ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాను. ఆలుమగలిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అమ్మాయి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద పట్టు, జరీ, రంగులు, ముగ్గురి రోజులు విడివిడిగా రాసి కింద మొత్తం వేశారు. 19,500. నేను చదివి, సగం అడ్వాన్సు ఇచ్చాను. మా వదిన మోచేత్తో నన్ను పొడిచింది. నేను కదల్లేదు.

ఇంటావిడ ఆ కాగితం మళ్లీ తీసుకుని ఏదో కొట్టేసి రాసింది. చూస్తే 19,000.

"అదేంటి? నేను బేరం ఆడలేదు కదా!"

"అత్తమ్మ రోజులు రెండు సార్లు రాసినం మేడం. మీరు పని జూసి ఇస్తున్నరు. మేం గూడ పని జూసే తీసుకోవాలె గద."

నిన్న ఆవిడ ఫోన్‌కు ఒక ఫొటో పంపింది. ఆసు మీద పోసిన తెల్లటి పట్టుదారం, ఇంకా ఏ రంగూ అంటలేదు. దాని పక్కన కుడి భుజం మీద చెయ్యేసుకుని ఆవిడ.